వలేరియస్ పడలేదు

పుంగనూరు,
18 నవంబర్ 2024

అత్తకు ఉమాపతి నమస్కారాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు. నేను అరుస్తాను. పక్కింటివాళ్ళు మన మధ్య ఏదో ఆస్తి తగాదా ఉందనుకుంటున్నారు. అందుకే ఈ ఉత్తరం. ఇంకో కారణం కూడా ఉంది, అది రహస్యం. కింద రాస్తాను.

మొన్న మిద్దె మీద ట్రంకు పెట్టె దులుపుతుంటే నీ నోటుబుక్కు దొరికింది. హైస్కూలులో సోషల్ చెప్పే రోజుల్లో నువ్వు రాసిన నాటకం, 'ఏడుకొండల నగరం'. ఇది నాటకం కాదత్తా, నిప్పు! ఇంత నిప్పును ట్రంకులో కలరా ఉండల మధ్య పెట్టి ఇన్నేళ్ళు ఎట్లా నిద్రపోయావు? రోము నగరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న వలేరియస్! ప్రాణస్నేహితుడే అయినా ప్రజల కోసం అతన్ని పొడవడానికి కత్తి తీసే లూసియస్! రెండుసార్లు కూర్చుని చదివాను. మూడోసారి కూర్చోలేక నిలబడి చదివాను. నిప్పు!

ఫిబ్రవరి ఒకటిన మదనపల్లెలో నాటక పోటీలున్నాయి. మా నాటక సంఘం తరఫున దీన్నే వేద్దామని పట్టుబట్టి ఒప్పించాను. లూసియస్ నేను. వలేరియస్ ఎవరో చెప్పనక్కర్లేదు కదా. కొండప్పే. తిరునాళ్ళ వీధి నాటకంలో ముప్పై ఏళ్ళుగా రారాజు వేషం ఆయనదే, మా సంఘానికి పంతొమ్మిదేళ్ళుగా అధ్యక్షుడూ ఆయనే. ఎన్నికలు పెట్టమంటే, "అందురూ ఈడనే ఉండారు కదప్పా, ఎవురు ఎవుర్ని ఎన్నుకోవాల?" అంటాడు. నేను పనిచేసే ప్రెస్సులో అచ్చుకొచ్చే కరపత్రాలన్నీ చదువుతానని నీకు తెలుసు. రైతులవి, కార్మికులవి, హేతువాదులవి. పంతొమ్మిదేళ్ళ అధ్యక్షుణ్ణి సమర్థించే వాక్యం ఒక్కదాంట్లోనూ కనబడలేదు.

ఇక రహస్యం. పోటీ అయిన మర్నాడు, ఆదివారం, సంఘం సమావేశముంది. ఆయన్ను దించేస్తాం. నాటకంలో వలేరియస్‌ని పొడిచే ఏడుగురమూ కాగితం మీద సంతకాలు పెట్టాం. కొత్త అధ్యక్షుడిగా నా పేరు రాశారు. నాకు పదవి మీద ఆశ లేదు, వాళ్ళే బలవంతం చేశారు. వాట్సాప్‌లో ఒక్క ముక్క రాయకూడదని ఒట్టు వేసుకున్నాం, ఎందుకంటే గ్రూపుకు అడ్మిన్ ఆయన కూతురు కీర్తన.

నాటకం వేసుకోమని ఒక మాట రాయి. ఇది చదివాక చించేయి.

నీ మేనల్లుడు
ఉమాపతి


కుప్పం,
27 నవంబర్

ఒరే ఉమా,

చించలేదు. ముప్పై రెండేళ్ళు టీచరు పని చేసినదాన్ని, పిల్లలు రాసిన కాగితం చించడానికి చెయ్యి రాదు. ఎర్ర పెన్నుతో దిద్ది దాచుకున్నాను. నిప్పు అని మూడుసార్లు రాశావు. ఒకటి చాలు.

నేను కులాసా. మా వీధిలో తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిపి తిట్టుకుంటారు. నాకు సరిగా వినబడదు కనక అందరూ మర్యాదస్తుల్లాగే ఉన్నారు.

నాటకం వేసుకో. ఒక్కటే షరతు, ఐదో అంకం ముట్టుకోకూడదు. వలేరియస్ చచ్చాక లూసియస్ అదే పీఠం ఎక్కి, అదే ఊదా అంచు పంచె కట్టి, అవే మాటలు మాట్లాడతాడే, ఆఖరికి ఏడుగురిలో చిన్నది ఫ్లావియా వచ్చి అతన్ని పొడుస్తుందే, ఆ అంకం. దాని కోసమే మిగతా నాలుగూ రాశాను.

"నాకు పదవి మీద ఆశ లేదు, వాళ్ళే బలవంతం చేశారు" అన్నావు. మొదటి అంకం ఆరో పేజీ తీసి చూడు. లూసియస్ ఈ మాటే అంటాడు, కామాతో సహా.

కొండప్ప మోకాలు ఎట్లా ఉంది? పడేటప్పుడు ఎడమ పక్కకు పడమని చెప్పు.

నీ అత్త
నారాయణమ్మ


పుంగనూరు,
15 డిసెంబర్

అత్తా,

మోకాలి సంగతి నీకెట్లా తెలుసు? సరే, చెప్పాను. "ఎవురు చెప్పమన్నారు?" అన్నాడు. డాక్టరు అన్నాను. నవ్వాడు.

రిహార్సళ్ళు టమోటా ట్రేలు పెట్టే గోదాములో జరుగుతున్నాయి. రోము సెనేటు మొత్తం ట్రేల మీద కూర్చుంటుంది. నీరుగట్టువారిపల్లె మగ్గాల నుంచి ఊదా అంచు పంచెలు తెప్పించాం. కత్తులు నాగేంద్ర చేశాడు. మొబైళ్ళు బాగుచేసేవాడు కదా, పిడి దగ్గర స్ప్రింగు పెట్టాడు, పొడిస్తే లోపలికి పోతుంది. ఫ్లావియాగా శాలిని, అంగళ్లు కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతోంది, నాకన్నా రెండు కరపత్రాలు ఎక్కువే చదివిన పిల్ల. ఇక మన నటసార్వభౌముడి నోట్లో వలేరియస్ వలేరయ్య అయ్యాడు, నేను లూసయ్యనయ్యాను. ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఫ్లెక్సీ కట్టిన రోజు బైరెడ్డిపల్లె నుంచి వచ్చిన ఒకామె 'ఏడుకొండల నగరం' అని చదివి, "ఆట అయినాక లడ్డూ ఇస్తారా నాయినా?" అని అడిగి పోయింది.

ఇంకో సంగతి. రిహార్సల్లో ఆయన పడడు. ఏడుగురం పొడిచాక నిలబడే "పడినానప్పా" అని నోటితో చెప్పి, పక్కకు పోయి టీ తాగుతాడు. మోకాలిని పోటీ రోజుకు దాచుకుంటున్నాడట.

మొన్న నన్ను పక్కకు పిలిచాడు.

"అప్పా ఉమాపతీ, ఆట రోజు మర్సిపోవద్దు. నన్ను పొడిసేదానికి ముందర తెర ఎనకాల నా కాళ్ళు మొక్కాల."

"యాల మొక్కాల?"

"సంపే వేషం సచ్చే వేషానికి మొక్కాల. మా మేళంలో తాతల నాటి నించీ అంతే."

"అది తిరునాళ్ళ ఆట మామా. ఇది రోము."

"రోములో మాత్రం ఊరికే సంపేస్తారా?"

చూశావా, ఎంత నేర్పుగా మనిషిని వంచాలని చూస్తాడో! పంతొమ్మిదేళ్ళ పీఠం చాలదు, పాదాలు కూడా పట్టాలి! ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు, నేరుగా ప్రెస్సుకు పోయాను. మిగిలిపోయిన పసుపు కాగితం మీద 'కాళ్ళు మొక్కే కాలం చెల్లింది' అని ఐదు వందల కరపత్రాలు అచ్చేశాను. "మనిషి ముందు మనిషి వంగిన ప్రతిసారీ ఒక సింహాసనం ఒక జానెడు ఎత్తు పెరుగుతుంది" అన్న వాక్యం నాదే. గోదాములో శాలిని గొంతెత్తి చదివింది. ఏడుగురిలో ఎవరమూ మొక్కకూడదని తీర్మానించాం. కొండప్ప ఒక కాపీ తీసుకుని, అద్దాలు పెట్టుకుని అంతా చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "అచ్చు బాగుండాది" అన్నాడు. అంతే!

నాటకం నిడివిలో చిన్న సర్దుబాట్లు చేసుకుంటున్నాం. మిగతాదంతా నువ్వు రాసినట్టే.

ఉమాపతి


కుప్పం,
24 డిసెంబర్

ఉమాపతికి,

చిన్న సర్దుబాటు అంటే నా ఐదో అంకం మొత్తమా?

లూసియస్ జెండా ఎత్తి, "రోము ఇక స్వేచ్ఛా నగరం" అని అరిచాక తెర దించేస్తున్నారట. ఎవరు చెప్పారని అడగకు. రహస్యాలు నీ ఒక్కడికే ఉండాలా? పోటీలో గంటన్నరే ఇస్తారని సాకు చెప్పకు. రెండో అంకంలో నీ ఉపన్యాసం పన్నెండు నిమిషాలు ఉందని కూడా తెలిసింది. నేను రాసింది నాలుగు వాక్యాలు.

నీ పసుపు కాగితం నాకూ ఒకటి చేరింది. తప్పులు దిద్ది దీంతో పంపుతున్నాను. సింహాసనం వాక్యం బాగుంది. నిజం కూడా కావచ్చు.

ఒక్కటే ప్రశ్న. ఎందుకు మొక్కాలో కొండప్ప చెప్పబోయాడని నువ్వే రాశావు. ఏం చెప్పేవాడో విన్నావా? చెవుడు నాకురా.

అత్త


పుంగనూరు,
25 జనవరి 2025

అత్తా,

మాలో గూఢచారి ఉన్నాడు! నాగేంద్రను నిలదీశాను. వాడు ఏడ్చాడు. శాలినిని అడిగాను. ఆమె నన్నే నిలదీసింది.

ఐదో అంకం గురించి దాచడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ తీసేయడం తప్పు కాదు. ప్రజలు నియంతను కూల్చాక మళ్ళీ ఇంకో నియంతే వస్తాడని చెబితే, చూసేవాళ్ళు ఉసూరుమని ఇంటికి పోతారు. లూసియస్ అట్లాంటివాడు కాడు. లూసియస్‌ని నాకన్నా బాగా ఎవరికి తెలుసు?

నిన్న చివరి రిహార్సల్ అయ్యాక కొండప్ప మళ్ళీ ఒక్కసారి అడిగాడు. "మొక్కవా?" "మొక్కను." "సరేప్పా." అంతే. టీ తాగి వెళ్ళిపోయాడు. గెలిచాం!

సంతకాల కాగితం నా దగ్గరే ఉంది. పోటీకి నువ్వు రావద్దు. బస్సులో నడుము పట్టేస్తుంది, పైగా వినబడదు. నేనే అంతా రాస్తాను.

ఉమాపతి


మదనపల్లె బస్టాండు,
2 ఫిబ్రవరి, ఉదయం

అత్తా,

టీ కొట్టు బల్ల మీద రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే దిద్దుకో.

మూడు అంకాలు బ్రహ్మాండంగా నడిచాయి. నా ఉపన్యాసానికి రెండుసార్లు చప్పట్లు పడ్డాయి. నాలుగో అంకం వచ్చింది. సెనేటులోకి వలేరియస్ నడిచి వచ్చాడు. ఆ నడక చూడాలత్తా! ఊదా అంచు పంచె నేల మీద జీరాడుతుంటే నిజంగానే ఒక నగరం నడిచి వచ్చినట్టుంది. మేం చుట్టుముట్టాం. నాగేంద్ర పొడిచాడు, శాలిని పొడిచింది, అందరూ పొడిచారు, ఆఖరున నేను.

ఆయన పడలేదు.

మరిచిపోయాడేమో అనుకున్నాను. "పడు మామా" అన్నాను పెదవులు కదపకుండా. నన్నే చూస్తూ నిలబడ్డాడు. నాగేంద్ర కంగారులో ఇంకోసారి పొడిచాడు. స్ప్రింగు టింగుమని మోగింది. వెనక వరసల నుంచి ఎవడో, "ఇంగో పోటు పొడవండప్పా, మనిషి గట్టోడు!" అన్నాడు. ఇంకొకడు, "ఆ కత్తులు సాన పట్టించుకోని రాపోండిరా!" అన్నాడు. హాలంతా నవ్వు. హార్మోనియం ఆయన ఏం చెయ్యాలో తోచక ఒకే మెట్టు నొక్కి పట్టుకున్నాడు.

అప్పుడు కొండప్ప చెయ్యెత్తాడు. నవ్వు ఆగిపోయింది.

"లూసయ్యా! ఏడు పోట్లూ తగిలినాయి. నెత్తురంతా పోయింది. అయినా నేను పడను. అడగాల్సినోడు ఇంకా అడగలేదు."

నీ నోటుబుక్కులో ఈ మాటలు లేవు. నా కరపత్రంలోని వాక్యాలన్నీ గుర్తొచ్చాయి, ఒక్కటీ నోటికి రాలేదు. సంతకాల కాగితం పంచె లోపల చెమటకు తడుస్తోంది. న్యాయనిర్ణేతలు పెన్నులు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఆ కోపంలో తల దించుకున్నాను. దించుకుంటే ఆయన ఎడమ కాలు కనబడింది. మోకాలి నుంచి పాదం దాకా వణికిపోతోంది. పైనేమో మనిషి స్తంభం!

ఎప్పుడు వంగానో తెలియదు. రెండు చేతులతో పాదాలు పట్టుకున్నాను.

ఆయన చెయ్యి నా నెత్తి మీద పడింది. నాకొక్కడికే వినబడేటట్టు, "ఇంగ ఈ ఒళ్ళు నీది. గెట్టిగా పట్టుకో" అన్నాడు. ఎడమ పక్కకు, నిండు బరువుతో నా చేతుల్లోకి పడ్డాడు. పట్టుకున్నాను.

చప్పట్లు వెనక వరసల నుంచే మొదలయ్యాయి. తర్వాత ఆగలేదు. నేను జెండా ఎత్తాలి, స్వేచ్ఛా నగరం అని అరవాలి. లేవలేకపోయాను. శాలినే జెండా ఎత్తింది, ఆమె కూడా ఏమీ అనలేదు. తెర దించేశారు.

మొదటి బహుమతి మనకే. ఇంకో వింత విను. "హంతకుడు తాను పొడిచినవాడి పాదాలు పట్టుకునే ఘట్టం అపూర్వం, దాన్ని ఊహించిన రచయిత్రికి అభినందనలు" అని న్యాయనిర్ణేత మైకులో చెప్పాడు. నీకు శాలువా ఇచ్చారు. నా దగ్గరే ఉంది.

సాయంత్రం నాలుగింటికి పుంగనూరులో సమావేశం. కాగితం ఆరింది, సంతకాలు కొంచెం చెదిరాయి. అది చదవాలా, వద్దా? నన్ను అంతమందిలో వంచినవాడి మీద కోపం రావాలి కదా! రావడం లేదు. రానందుకు మాత్రం బాగా కోపంగా ఉంది.

బస్సు వచ్చింది.

ఉమాపతి


కుప్పం,
6 ఫిబ్రవరి

ఉమా నాయనా,

నువ్వు రావద్దన్నావు కాబట్టి వచ్చాను. మూడో వరసలో, గోడ పక్క కుర్చీ. చెవి మిషను తీసి సంచిలో వేసుకున్నాను. నీ పన్నెండు నిమిషాల ఉపన్యాసం చాలా బాగా కనబడింది.

ఇక నా రహస్యం చెబుతాను. ఆ వలేరియస్ వేషం నేను మొదట రాసిందే కొండప్పను మనసులో పెట్టుకుని. అప్పటి నుంచి ఆయన నాకు కార్డు ముక్కలు రాస్తూనే ఉంటాడు. పాపం నాగేంద్రకు ఒక కాఫీ ఇప్పించు, వాడేమీ చెప్పలేదు. జనవరి ఆఖర్న కొండప్ప రాసిన కార్డు ఇదీ: "అమ్మా, పిల్లోడు మొక్కనంటాండాడు. బహుమతి కోసరం గమ్మున పడిపోదునా?" నేను ఒక్క మాట రాశాను. "పడొద్దు."

నువ్వొక్కడివేనా కుట్రలు చేసేది?

ఇప్పుడు నువ్వు మరిచిపోయిన సంగతి ఒకటి. నీకు పన్నెండేళ్ళు. తిరునాళ్ళ ఆటలో శత్రువుల నడుమ చిక్కుకుని చచ్చే బాలవీరుడి వేషం నీది. నిన్ను చంపే రారాజు కొండప్ప. నీ బుగ్గలకు రంగు పూస్తున్నది నేనే. తెర వెనక ఆ అంత మనిషి, కిరీటం తీసి పక్కన పెట్టి, వంగి నీ పాదాలు పట్టుకున్నాడు. నువ్వు చక్కిలిగింతలని కిలకిలా నవ్వావు. రంగంతా చెదిరిపోయి మళ్ళీ పూయాల్సి వచ్చింది.

పెద్దవాడు చిన్నవాడికి మొక్కాడు చూడు. అది పీఠానికి పెట్టే దండం కాదురా. చచ్చే వేషం తన ఒళ్ళు నమ్మి నీకు అప్పజెబుతుంది. తీసుకునేవాడు అడిగి తీసుకోవాలి. గోదాములో ఆయన చెప్పబోయింది ఇదే. నీ కరపత్రంలో ఇది లేదు, రాసినవాడు వినలేదు కనక.

కాగితం చదివావా?

అత్త


పుంగనూరు,
3 మార్చి

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తర్వాత నవ్వొచ్చింది. చక్కిలిగింతలు గుర్తొచ్చాయి.

సమావేశం సంగతి. లేచి నిలబడ్డాను. కాగితం తీశాను. మళ్ళీ జేబులో పెట్టబోతుంటే కొండప్పే, "సదువప్పా, రాసినంక సదవాల కదా" అన్నాడు. చదివాను. 'పంతొమ్మిదేళ్ళుగా' అన్న చోట ఆపాడు. "తప్పు. ఇరవై ఒకటి" అన్నాడు. కీర్తన మినిట్సు పుస్తకంలో దిద్దింది. అంతా విని చివరికి, "దీనికి ఇంత కాగితం యాల? మదనపల్లెలో వెయ్యి మంది ముందర సచ్చినాను. సచ్చినోడు అధ్యక్షుడెట్ల అయితాడు? ఉమాపతి అడిగినాడు, నేను ఇచ్చినాను. రాసుకో కీర్తనా" అన్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టి టీ తాగడానికి పోయాడు.

ఇప్పుడు నేను అధ్యక్షుణ్ణి. ఐదో అంకం మళ్ళీ పెట్టాను, ఒక్క మాట తీయలేదు. నా ఉపన్యాసం నాలుగు వాక్యాలకు దించాను. మార్చి ఇరవై రెండున మీ కుప్పంలోనే ప్రదర్శన. నాలుగో అంకంలో కొండప్పకు తెర వెనకే మొక్కుతాను, మాట అయిపోయింది.

గొడవంతా ఐదో అంకంతోనే. పీఠమెక్కిన లూసియస్‌ని, అంటే నన్ను, ఫ్లావియా పొడవాలి. నిన్న శాలినిని పిలిచి, ఆచారం సంగతి నిదానంగా చెప్పబోయాను. "మొక్కను" అంది. "ముందు నేను చెప్పేది విను" అన్నాను. వినకుండా బ్యాగులోంచి పసుపు కాగితం తీసింది. నాదే! సింహాసనం వాక్యం కింద గీత గీసి పెట్టుకుంది. అందరి ముందూ గొంతెత్తి చదివింది. నాకు మండిపోయింది. "అధ్యక్షుడు చెప్తాండాడు, వినాల!" అనేశాను. గోదాములో అందరూ నా వైపు తిరిగారు. ట్రే మీద కూర్చున్న కొండప్ప మాత్రం టీ గ్లాసు అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేటట్టు నవ్వుతున్నాడు.

అప్పటి నుంచి నాగేంద్ర, శాలిని, మిగతావాళ్ళు గుసగుసలాడుతున్నారు. నేను వెళితే ఆపేస్తున్నారు. వాట్సాప్ గ్రూపులో కూడా ఎవరూ ఏమీ రాయడం లేదు. ఏదో కాగితం మీద సంతకాలు జరుగుతున్నాయని నా అనుమానం. ఇంకా నెల తిరిగిందో లేదో అత్తా!

శాలిని మొక్కకుండా పొడిస్తే నేనేం చెయ్యాలి? పడాలా, నిలబడాలా? వెంటనే రాయి.

ఉమాపతి


(కార్డు)

కుప్పం,
9 మార్చి

పడొద్దు.

మూడో వరసలో గోడ పక్క కుర్చీ నాకు ఉంచు. శాలువా మరిచిపోకుండా తీసుకురా.

అత్త